కాటన్ దొర ఇంటిపేరులో పత్తి ఉందా, లేదా?

నిడదవోలు_నాని
మొన్న ఆదివారం పిల్లల్ని ధవళేశ్వరం తీసుకెళ్ళాను. కాటన్ మ్యూజియం చూసి, బ్యారేజీ మీద కాసేపు నిలబడి వచ్చేశాం. అక్కడ విగ్రహం ముందు మా పాప (నాలుగో తరగతి) అడిగింది: "నాన్నా, ఈయన బట్టల కొట్టాయనా?" పేరులో కాటన్ ఉంది కదా, దాని అనుమానం దానిది. నేను ఏమాత్రం తడుముకోకుండా "ఆయన తాతముత్తాతలు పత్తి వ్యాపారం చేసేవాళ్ళమ్మా, అందుకే ఆ ఇంటిపేరు" అని చెప్పేశాను. పక్కనే ఉన్న మా బావమరిది ఒకటే నవ్వు. "తెలియకపోతే తెలియదని చెప్పొచ్చుగా బావా" అంటాడు.

నా లెక్క ఏమిటంటే, స్మిత్ అంటే కమ్మరి, టైలర్ అంటే దర్జీ, పాటర్ అంటే కుమ్మరి. మరి కాటన్ అంటే పత్తి కాక ఇంకేమవుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి. పాప దగ్గర పరువు, బావమరిదితో పందెం రెండూ ఉన్నాయి. పందెం కిలో పూతరేకులు.

పత్తిగింజ
ఆదిలాబాద్ వాడిగా చెబుతున్నా, ఆయన ముమ్మాటికీ మావాడే.

లీడ్స్_లక్ష్మి
నానీ, పూతరేకులు పోయినట్టే. ఆ ఇంటిపేరుకీ పత్తికీ ఏ చుట్టరికమూ లేదు. అది ఊరి పేరు.

ఇంగ్లండ్‌లో కాటన్ అనో కోటన్ అనో పేరున్న ఊళ్ళు చాలా ఉన్నాయి. కేంబ్రిడ్జ్ పక్కన కోటన్ ఉంది. స్టాఫర్డ్‌షైర్‌లో ఆల్టన్ టవర్స్ అనే పెద్ద వినోద పార్కు దగ్గర ఒక కాటన్ ఉంది. చెస్టర్ దగ్గరైతే కాటన్ ఎడ్మండ్స్, కాటన్ ఆబట్స్ అని రెండు. పాత ఇంగ్లీషులో 'కోట్' అంటే గుడిసె, పాక. ఇప్పుడు మనం కాటేజీ అంటున్న మాట కూడా ఆ వేరు నుంచే వచ్చింది. 'కోటుం' అంటే 'గుడిసెల దగ్గర'. అది నలిగి నలిగి కోటన్, కాటన్ అయింది. ఆ ఊరి నుంచి వచ్చిన రాబర్ట్‌ని లాటిన్, ఫ్రెంచి కలిపి రాసే గుమాస్తాలు 'రాబర్ట్ డి కోటన్' అని రాసేవాళ్ళు. కొన్నాళ్ళకి ఆ 'డి' రాలిపోయింది.

కేంబ్రిడ్జ్‌లో చదివేటప్పుడు నేను సైకిలేసుకుని కోటన్ వెళ్ళేదాన్ని. ఎం11 హైవే దాటగానే వస్తుంది. చర్చి, చుట్టూ పొలాలు. పత్తి మొక్క ఒక్కటి లేదు. ఆ చలికి మొలిచినా కాయ పట్టదు.

గుంటూరు_ఘాటు
నమ్మబుద్ధి కావడం లేదు. లాంకషైర్ అంతా పత్తి మిల్లులే కదా. మాంచెస్టర్‌ని కాటనోపొలిస్ అన్నారు. అలాంటి దేశంలో కాటన్ అనే ఇంటిపేరు వస్తే అది గుడిసెల నుంచి వచ్చిందంటే ఎలా?

లీడ్స్_లక్ష్మి
ఘాటు గారూ, ముందు వెనకలు చూసుకోండి. లాంకషైర్ మిల్లులు 18వ శతాబ్దం చివర్లో లేచాయి. ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు కుదురుకోవడం 1066లో నార్మన్లు వచ్చాక మొదలై, చాలా ప్రాంతాల్లో 1400 నాటికి దాదాపు అయిపోయింది. అంటే మిల్లులకి నాలుగు వందల ఏళ్ళ ముందు సంగతి.

ఇక బట్ట పేరు కాటన్ అరబ్బీ 'ఖుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అది రావడమే 13వ శతాబ్దం చివరికి. ఆ ఊళ్ళు అంతకుముందే ఉన్నాయి. రెండు వేర్వేరు మాటలు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే స్పెల్లింగులో కూర్చున్నాయి.

పత్తిగింజ
అంటే ఒకే బెర్త్ ఇద్దరికి బుక్ అయినట్టు.

గుంటూరు_ఘాటు
సరే, బట్ట కాదనుకుందాం. ఊరి పేరే అనుకుందాం. అప్పుడు కూడా కాట్ + టన్ అవ్వాలి కదా? న్యూటన్, హిల్టన్, వాషింగ్టన్ అన్నీ టన్ తోనే ముగుస్తాయి. టన్ అంటే టౌన్. గుడిసెల ఊరు. 'దగ్గర' ఎక్కడి నుంచి వచ్చింది మధ్యలో?

వ్యాకరణం_మాస్టారు
మంచి ప్రశ్న. నాకు ఇష్టమైన చోటికి వచ్చారు కాబట్టి కొంచెం పొడుగు రాస్తాను, విసుక్కోకండి.

న్యూటన్‌లో చివర ఉన్నది 'టూన్', అంటే కంచె వేసుకున్న స్థలం, పల్లె. న్యూటన్ అంటే మన కొత్తపల్లి. ఇంగ్లండ్‌లో న్యూటన్లు ఎన్నో మనకి కొత్తపల్లెలు అన్ని. హిల్టన్‌లు ఎక్కువ భాగం గుట్ట మీది ఊళ్ళు. వాషింగ్టన్ ఇంగ్లండ్ ఈశాన్యంలో సండర్లాండ్ దగ్గరి ఊరు. 12వ శతాబ్దంలో విలియం డి హెర్ట్‌బర్న్ అనే ఆయన ఆ ఊరికి మారి, ఇంటిపేరు కూడా మార్చుకున్నాడు. అమెరికా అధ్యక్షుడి ఇంటిపేరుకి మూలం అదే.

కానీ కాటన్‌లో చివర ఉన్న 'న్' ఈ టూన్ కాదు. అది విభక్తి ప్రత్యయం. పాత ఇంగ్లీషుకి మన భాషలాగే విభక్తులు ఉండేవి. బహువచనానికి 'కి, దగ్గర' అర్థం వచ్చే ప్రత్యయం 'ఉం'. కోట్ + ఉం = కోటుం. ఊరి పేరు అడిగితే ఎవరూ విడిగా 'గుడిసెలు' అని చెప్పరు, "ఎక్కడ ఉంటున్నావు" అంటే "గుడిసెల దగ్గర" అంటారు. అలా వాడుకలో ప్రత్యయంతో సహా పేరు గడ్డకట్టింది. తర్వాత ఇంగ్లీషు విభక్తుల్ని వదిలేసింది, ఊరి పేర్లు మాత్రం వాటిని పట్టుకుని ఉన్నాయి. యార్క్ దగ్గర ఏకమ్ అనే ఊరు అలాంటిదే: 'ఓక్ చెట్ల దగ్గర'.

ఇప్పుడు అసలు సంగతి. మనం చేసింది కూడా సరిగ్గా ఇదే. కందుకూరు అనే ఊరి నుంచి వచ్చినవాళ్ళు కందుకూరి. తెన్నేరు వాళ్ళు తెన్నేటి. చివర 'పాడు' ఉన్న ఊళ్ళ వాళ్ళు 'పాటి'. ఇ, టి, తి వర్ణకాలని బడిలో చదివి మర్చిపోయిన ఔపవిభక్తికాలు గుర్తున్నాయా? ఊరు-ఊరి, ఏరు-ఏటి, చేయి-చేతి. 'కందుకూరి' అంటే 'కందుకూరు యొక్క'. ఆ ఇంటిపేరు ఊరి పేరు కాదు, ఊరి పేరుకి విభక్తి రూపం. కాటన్ దొర ఇంటిపేరులో కూడా ఉన్నది ఊరు మాత్రమే కాదు, ఊరితో పాటు ఒక ప్రత్యయం.

నిడదవోలు_నాని
మాస్టారూ, 'ఇ, టి, తి' పేరు ఎత్తగానే నాకు తొమ్మిదో తరగతి తెలుగు పీరియడ్ గుర్తొచ్చి చేతులు చెమట పట్టాయి.

రేవుచెట్టు
మాది వేములపల్లి. ఏ ఇ, టి, తి తగల్లేదే? ఊరి పేరు ఉన్నట్టే ఉంది.

వ్యాకరణం_మాస్టారు
పల్లి, పూడి, కొండ లాంటివి విభక్తి ముందు మారవు కాబట్టి మీకు కనబడదు. 'పల్లి వీధి' అంటాం, 'ఊరి వీధి' అంటాం. రెండింట్లోనూ సంబంధం ఉంది, ఒకదాంట్లో పైకి కనిపిస్తుంది, రెండోదాంట్లో కనిపించదు.

ఇంకొకటి. మనవాళ్ళు ఇంటిపేరు ముందు, వాళ్ళు వెనక ఎందుకు పెట్టారు అని అడుగుతారు. మన వాక్యంలో 'కందుకూరి వీరేశలింగం' అంటేనే కుదురుతుంది, సంబంధం చెప్పే మాట ముందు రావాలి. వాళ్ళది 'రాబర్ట్ డి కోటన్', సంబంధం వెనక వస్తుంది. ఎవరి వాక్యం ఎలా నడుస్తుందో ఎవరి పేరు అలా నడిచింది. అమెరికాలో మనవాళ్ళకి ఫారాలు నింపేటప్పుడు వచ్చే తలనొప్పి అంతా ఇక్కడిదే.

డాలస్_దత్తు
తలనొప్పి అని మెల్లగా అంటారేమిటి మాస్టారూ. ఇక్కడ నన్ను ఆఫీసులో పన్నెండేళ్ళుగా మా ముత్తాత వదిలేసి వచ్చిన ఊరి పేరుతో పిలుస్తున్నారు. ఆ ఊరు నేను ఒక్కసారి కూడా చూడలేదు.

గోదారోడు
దత్తు అన్నదాంట్లోనే కిటుకు ఉంది. ఊరు వదిలితేనే ఊరి పేరు ఇంటిపేరు అవుతుంది. ఊళ్ళోనే ఉన్నవాడిని ఆ ఊరి పేరుతో ఎవరు పిలుస్తారు? అందరిదీ అదే ఊరాయె. మా తాత వాళ్ళ నాన్న కరువులో మెట్ట ప్రాంతం నుంచి డెల్టాకి వచ్చాడు. ఇక్కడికి వచ్చాకే ఆయన ఫలానా ఊరాయన అయ్యాడు. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆయన్ని 'కుంటి సుబ్బయ్య కొడుకు' అనేవారట.

పత్తిగింజ
గోదారోడు గారి ఇంటిపేరు 'కుంటి' కాకుండా కాపాడినది కరువు.

లీడ్స్_లక్ష్మి
గోదారోడు గారు చెప్పినది ఇంగ్లండ్ ఇంటిపేర్ల మీద పనిచేసేవాళ్ళు కూడా చెప్పే మాటే. మధ్యయుగాల్లో ఒక మనిషికి ఊరి పేరు ఇంటిపేరుగా ఉందంటే, వాడు ఆ ఊళ్ళో లేడని అర్థం చేసుకోవాలి. ఒక్క మినహాయింపు భూస్వాములు. వాళ్ళు ఆ ఊరు తమదని చెప్పుకోవడానికి అక్కడే ఉంటూ ఆ పేరు పెట్టుకున్నారు. మాస్టారు చెప్పిన వాషింగ్టన్ ఆ బాపతు.

అంటే కాటన్ అనే పేరు ఉన్నవాళ్ళలో రెండు రకాలు ఉండొచ్చు: కాటన్ ఊరికి దొరలు, కాటన్ ఊరు వదిలేసి పొట్ట చేత పట్టుకుని పోయినవాళ్ళు.

గుంటూరు_ఘాటు
మరి మన కాటన్ ఏ రకం?

పాతకాగితాలు
దొరల రకమే. దస్తావేజులు, వంశవృక్షాలు తిరగేసే పిచ్చి నాకు ఉంది, అందుకే దూరుతున్నా.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న పుట్టాడు. తండ్రి హెన్రీ కాల్వలీ కాటన్. ఈ కుటుంబం కాంబర్‌మియర్ కాటన్లు. చెషైర్, ష్రాప్‌షైర్ సరిహద్దులో కాంబర్‌మియర్ అనే పాత క్రైస్తవ మఠం ఉండేది. 16వ శతాబ్దంలో ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ రద్దు చేసి ఆస్తులు తన మనుషులకి పంచిపెట్టినప్పుడు, అది జార్జ్ కాటన్ అనే దర్బారు మనిషికి దక్కింది. అంతకుముందు వీళ్ళది ష్రాప్‌షైర్‌లోని కాటన్ అని వంశవృక్షాల పుస్తకాల్లో ఉంటుంది. కాబట్టి నాని గారి పాపకి చెప్పవలసిన గుడిసెలు ష్రాప్‌షైర్ గుడిసెలు.

ఇంకో చిన్న సంగతి. ఆర్థర్ పెదనాన్న కొడుకు స్టాపుల్టన్ కాటన్ సైన్యంలో పెద్ద పేరు. 1826 జనవరిలో భరత్‌పూర్ కోట పట్టుకున్నది ఆయనే. ఒకే ఇంట్లో ఒకడు కోట పగలగొట్టడానికి ఇండియా వచ్చాడు, ఒకడు ఆనకట్ట కట్టడానికి వచ్చాడు.

గోదారోడు
కోట పగలగొట్టినాయన పేరు మాకు ఇప్పుడే తెలిసింది. ఆనకట్ట కట్టినాయన ఫొటో మా ఊళ్ళో సగం ఇళ్ళలో ఉంది. మా పురోహితుడు గోదావరి స్నాన సంకల్పంలో కూడా ఆయన్ని తలుస్తాడు. 1847లో పని మొదలుపెట్టి 1852కి ముగించాడు. ఇప్పుడు మనం నడిచే బ్యారేజీ తర్వాత కట్టినది, పేరు మాత్రం ఆయనదే.

రేవుచెట్టు
మా అమ్మమ్మ వాళ్ళ పక్కింటాయన పేరు కాటన్. నిజంగా. బడి రిజిస్టర్లో కూడా అదే. చిన్నప్పుడు మేం 'చొక్కా మామయ్య' అని ఏడిపించేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

లీడ్స్_లక్ష్మి
రేవుచెట్టు గారూ, ఇంటిపేరు మనిషి పేరుగా మారడం ఈ కాటన్‌కి పాత అలవాటే. జాన్ కాటన్ అనే ప్యూరిటన్ మతబోధకుడు 1633లో ఇంగ్లండ్ వదిలి మసాచుసెట్స్ వెళ్ళాడు. ఆయన కూతురి కొడుక్కి తాతగారి ఇంటిపేరునే పేరుగా పెట్టారు: కాటన్ మేథర్. అమెరికా చరిత్రలో పెద్ద పేరు, సేలంలో మంత్రగత్తెల విచారణల నాటి మనిషి. అమ్మ వైపు ఇంటిపేరు పోకుండా బిడ్డకి పెట్టుకోవడం అన్నమాట. అక్కడ తాతగారి గౌరవం కోసం, ఇక్కడ ఆనకట్ట గౌరవం కోసం.

డాలస్_దత్తు
మా క్లయింటు మేనేజరు ఒకాయన ఇంటిపేరు కాటన్. "మీవాళ్ళ వల్లే మా గోదావరి జిల్లాలు అన్నం తింటున్నాయి" అని రేపు మీటింగులో చెబితే అప్రైజల్లో ఏమైనా కలిసొస్తుందా?

పాతకాగితాలు
కలిసొస్తే మంచిదే గానీ చుట్టరికం మాత్రం నమ్మకండి. కాటన్ ఊళ్ళు ఒకటా రెండా. ప్రతి ఊరి నుంచీ వేరు వేరు మనుషులు బయటికి వెళ్ళి ఉంటారు. ఇంటిపేరు ఒకటే, మూలం పది. మనకి కూడా ఒకే ఇంటిపేరు వేర్వేరు గోత్రాల్లో, వేర్వేరు కులాల్లో కనబడుతుంది కదా. ఒకే ఊరి నుంచి అందరూ బయల్దేరారు, లేదా ఒకే పేరున్న వేరే ఊళ్ళ నుంచి బయల్దేరారు. ఇంటిపేరు చూసి పెళ్ళిసంబంధం వెతికేవాళ్ళకి ఇది తెలిస్తే మంచిది.

గుంటూరు_ఘాటు
మరి సిమ్లాలో బిషప్ కాటన్ స్కూలు, గౌహతిలో కాటన్ కాలేజీ? అవన్నీ మన దొరవే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

పాతకాగితాలు
మూడూ మూడు కాటన్లు. సిమ్లా స్కూలు 1859లో పెట్టినది కలకత్తా బిషప్ జార్జ్ కాటన్. ఆయన 1866లో నదిలో పడి పోయాడు. గౌహతి కాలేజీ 1901లో పెట్టినది అసోం చీఫ్ కమిషనర్ హెన్రీ కాటన్. ఆయన తమాషా మనిషి. పుట్టింది కుంభకోణంలో, ఐసీఎస్‌లో చేశాడు, రిటైరయ్యాక 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకి అధ్యక్షుడయ్యాడు. తెల్లవాడు, పైగా మాజీ అధికారి.

బెంగళూరు_బుజ్జి
నాలుగో కాటన్ నేను కలుపుతున్నా. మా బెంగళూరులో కాటన్‌పేట ఉంది. ఇదే దొర పేరు అని మా ఓనరు గారు గట్టిగా చెప్పారు.

పత్తిగింజ
ఆగండాగండి. కన్నడంలో దాన్ని 'అరళెపేటె' అంటారు. అరళె అంటే పత్తి. చివరికి ఒక్కచోటైనా పత్తి గెలిచింది! నాని గారూ, సగం పూతరేకులు నాకు పంపండి.

బెంగళూరు_బుజ్జి
ఓనరుతో ఈ మాట అంటే అద్దె పెంచుతాడేమో. మౌనమే మేలు.

వ్యాకరణం_మాస్టారు
కాటన్లలో నాకు దగ్గరివాడు ఒకాయన ఉన్నాడు, చెప్పకుండా ఉండలేను. రాబర్ట్ కాటన్, 1571లో పుట్టాడు. పాత చేతిరాత పుస్తకాలు పోగుచేయడం ఆయన పిచ్చి. మఠాలు రద్దయినప్పుడు చెల్లాచెదరైన పుస్తకాలు ఎన్నో వెతికి పట్టాడు. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యానికి ప్రపంచంలో ఉన్నది ఒకే ఒక్క ప్రతి. అది ఆయన దగ్గరే ఉండేది. 1215 నాటి మాగ్నాకార్టా (రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం) ప్రతులు నాలుగే మిగిలితే, రెండు ఆయన దగ్గరివే.

ఆయన బీరువాల మీద రోమన్ చక్రవర్తుల తలలు పెట్టాడు. ఏ తల కింద, ఏ అరలో, ఎన్నో పుస్తకం అన్నదే కేటలాగు నంబరు. ఇవాళ్టికీ బ్రిటిష్ లైబ్రరీలో బేవుల్ఫ్‌ని 'కాటన్ విటెల్లియస్ ఎ. 15' అనే అడుగుతారు. బీరువాలు ఎప్పుడో పోయాయి, చక్రవర్తులు అక్కడే కూర్చున్నారు.

1629లో రాజుకి కోపం వచ్చి లైబ్రరీకి తాళం వేయించాడు. అందులో పాత హక్కుల పత్రాలు ఉన్నాయి, పార్లమెంటు వాళ్ళు అవి చూపించి వాదిస్తున్నారని భయం. రెండేళ్ళకి ఆ దిగులుతోనే ఆయన పోయాడంటారు. 1731లో మంటలు అంటుకుని కొన్ని పుస్తకాలు బూడిదయ్యాయి. బేవుల్ఫ్ అంచులు కాలాయి గానీ బతికింది.

పాత ఇంగ్లీషులో 'ఉం' అనే ప్రత్యయం ఉండేదని మనకి ఎలా తెలుసు? ఇలాంటి చేతిరాతల్లో చూశారు కాబట్టి. కాటన్ అనే పేరుకి అర్థం చెప్పే భాషని కాపాడినవాళ్ళలో ఒకడు కాటన్. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా ముచ్చటేస్తుంది.

గుంటూరు_ఘాటు
మాస్టారూ, ఈ ఒక్క పోస్టుకి నేను ఓడిపోయానని ఒప్పుకుంటున్నా. కానీ ఒక అనుమానం మిగిలింది. 'కోట్' అంటే మనుషుల గుడిసేనా? డోవ్‌కోట్ అంటే పావురాల గూడు కదా. మరి కాటన్ ఊళ్ళు మనుషులవి అని గ్యారంటీ ఏమిటి? గొర్రెల దొడ్డి కూడా కావచ్చు.

లీడ్స్_లక్ష్మి
ఓడిపోయాను అంటూనే సరైన చోట పట్టుకున్నారు. నిజమే, 'కోట్' అంటే పశువుల పాక కూడా. ఊరి పేర్లలో ఒక్కోచోట గొర్రెల పాకలే అయి ఉండొచ్చు, ఊరూరికీ విడిగా చూసుకోవాలి. ఇదే మాటతో బోలెడు ఊళ్ళు, ఇంటిపేర్లు ఉన్నాయి. గుర్రప్పందేల ఆస్కాట్ అంటే తూర్పు గుడిసె. ప్రెస్కాట్ అంటే పూజారి గుడిసె. కాల్డికాట్ అంటే చలి గుడిసె, ఆ పేరు పెట్టినవాడు ఒక రాత్రి అక్కడ పడుకుని ఉంటాడు. వెస్ట్‌కాట్, నార్త్‌కోట్ వగైరా మీరే విడగొట్టుకోండి.

పసిపిల్లల మంచాన్ని 'కాట్' అంటారే, దాన్ని మాత్రం ఇందులో కలపకండి. అది హిందీ 'ఖాట్' నుంచి వెళ్ళింది. మన దేశం నుంచి ఎగుమతి.

రేవుచెట్టు
మనకి పాకలపాటి ఉంది. పాకలపాడు నుంచి వచ్చినవాళ్ళు. పాకలు + పాడు + టి. అచ్చంగా కాటన్ కాదూ ఇది?

వ్యాకరణం_మాస్టారు
రేవుచెట్టు గారికి వంద మార్కులు. ఆ 'పాక' ఈ పాకేనా అని ఊరి శాసనాలు చూడకుండా నేను ఒట్టు వేయను గానీ, పోలిక మాత్రం బ్రహ్మాండం.

పత్తిగింజ
అయితే సర్ ఆర్థర్ పాకలపాటి. సంక్రాంతికి కొత్త ఫ్లెక్సీ కట్టిస్తాం.

డాలస్_దత్తు
ఇదే ఊపులో సి.పి. బ్రౌన్, ఊళ్ళ చరిత్రలు సేకరించిన కల్నల్ మెకంజీ కూడా తేల్చేయండి. వాళ్ళవీ ఊళ్ళేనా?

పాతకాగితాలు
కాదు. బ్రౌన్ అంటే రంగే, జుట్టో ఒళ్ళో గోధుమ రంగులో ఉన్నవాడికి పెట్టిన ముద్దుపేరు. మెకంజీ స్కాట్లండ్ పేరు, 'కెన్నెత్ కొడుకు' అని. గోదారోడి గారి 'సుబ్బయ్య కొడుకు' లాంటిది. మన చరిత్రలో ముగ్గురు దొరలు, మూడు రకాల ఇంటిపేర్లు: ఊరు, రంగు, తండ్రి. నాని గారు మొదట చెప్పిన స్మిత్, టైలర్ కలిపితే నాలుగో రకం, వృత్తి.

చావిడి_పెద్ద (మోడరేటర్)
దయచేసి దొరలందరినీ ఒకే దారంలో గుచ్చకండి. మెకంజీకి వేరే దారం తెరవండి. ఇంటిపేరు, కులం అంటూ ఇద్దరు మొదలుపెట్టిన గొడవ పోస్టులు తీసేశాను.

గోదారోడు
అవి చదవకముందే తీసేశారు. అన్యాయం.

నిడదవోలు_నాని
అందరికీ చెప్పాలి. రాత్రి పాపని కూర్చోబెట్టి ఇదంతా నాకు వచ్చినంత చెప్పాను. గుడిసెలు, ష్రాప్‌షైర్, విభక్తి (ఇక్కడ కొంచెం నెమ్మదించాను). అంతా విని, "అయితే ఆయన బట్టల కొట్టాయన కాదు, పాకలో ఉండేవాళ్ళ మనవడు" అంది. సరిగ్గా అలా కాదమ్మా, వాళ్ళు దొరలు అంటే, "మరి ఊరి పేరు పాక అని ఎందుకు ఉంది" అని మళ్ళీ మొదటికి వచ్చింది. పేరు పెట్టినప్పుడు పాకలు, తర్వాత మేడలు అని సర్దాను.

తర్వాత అసలు బాంబు వేసింది. "మరి మనది ఏ ఊరు నాన్నా?" మాది చివర 'పాటి' ఉన్న ఇంటిపేరే. ఇన్నాళ్ళూ ఆ 'పాడు' ఎక్కడుందో ఒక్కసారి కూడా అనుకోలేదు. పెదనాన్నకి ఫోన్ చేశాను. ఆయన వెంటనే ఊరి పేరు చెప్పి, "కానీ ఆ పేరుతో రెండు ఊళ్ళు ఉన్నాయిరా. కృష్ణ ఒడ్డున ఒకటి, ఒంగోలు వైపు ఒకటి. మనది ఏదో మా నాన్నకీ తెలీదు" అన్నారు.

పాతకాగితాలు
మీ గోత్రం, కులదైవం, పెదనాన్న గారు చిన్నప్పుడు ఏ జాతరకి వెళ్ళేవారో కనుక్కోండి. ఇంటి దేవుడు ఏ ఊళ్ళో ఉన్నాడో చూస్తే చాలాసార్లు దారి దొరుకుతుంది. పాత భూమి కాగితాలేమైనా ఉంటే ఫొటో తీసి ఉంచండి.

నిడదవోలు_నాని
ఏటా ఒంగోలు వైపు ఏదో తిరునాళ్ళకి బండి కట్టుకుని వెళ్ళేవాళ్ళమని పెదనాన్న ఒకసారి అన్నట్టు గుర్తు. ఆదివారం వెళ్ళి నిదానంగా కూర్చుని అడుగుతాను. పూతరేకులు బావమరిదికి అప్పగించేశాను, వాడు మొత్తం కిలో ఒక్కడే తిన్నాడు.

పత్తిగింజ
అరళెపేటె వాటా సంగతి ఏమైంది?